సవరమా, ఎక్స్‌టెన్షనా, డ్రెడ్డా? ముందు ఎలా విప్పాలో చెప్పండి

"ఎక్స్‌టెన్షన్స్ పెట్టించుకున్నా" అని ఎవరైనా చెప్తే నాకు సగం కూడా అర్థం కాదు. తిరుపతిలో పెళ్ళికూతుళ్ళకు జడలు వేసే పని నాది. కుర్చీలో కూర్చున్న అమ్మాయి ఆ మాట అనగానే దువ్వెన పక్కన పెట్టి, పాపిట తీసి, వేళ్ళతో తడిమి చూస్తాను. క్లిప్పులా? టేపా? కెరటిన్ అనే జిగురు కరిగించి అంటించిన గింజలా? సన్నటి లోహపు రింగులు నొక్కారా? లేకపోతే సొంత జుట్టును తల మీదే సన్నగా అల్లి, దాని మీద దారంతో కుట్టారా? వీటన్నిటికీ ఒకటే పేరు. నేను చెయ్యాల్సిన పని మాత్రం ఒక్కోదానికి ఒక్కో రకం. క్లిప్పులైతే నిమిషంలో తీసి పక్కన పెడతాను. టేపైతే నూనె తగిలిందంటే జిగురు వదులుతుంది. మన పెళ్ళిళ్ళలో నలుగు పెట్టి, తలకు నూనె అంటి స్నానం చేయిస్తారు కదా, ఆ స్నానం తర్వాత టేపు జుట్టు మెడ మీదికి జారి పెళ్ళికూతురు ఏడుపు అందుకోవడం నేను చూశాను. పెట్టిన పార్లర్ ఆవిడ ఆ సంగతి చెప్పలేదట. ఆ అమ్మాయి తెలుసుకున్నది కూడా పేరొక్కటే.

తలకు చేర్చే జుట్టును ఏ పేరుతో పిలిచినా, దాన్ని తిరిగి ఎలా తీయాలో ఆ పేరు విన్నవాళ్ళకు తెలియాలని నా వాదన. అది చెప్పని పేరు అమ్మేవాళ్ళకే పనికొస్తుంది.

మనకు సవరం ఉంది. ఇప్పటి పిల్లల్లో చాలామంది చూసి ఉండరు కాబట్టి చెప్తాను. పొడుగాటి జుట్టును పాయలుగా తీసి, పైభాగాన దారంతో గట్టిగా చుట్టి కడతారు. సొంత జుట్టు కొంత దూరం అల్లాక సవరం పాయల్ని మన పాయల్లో కలుపుకుంటూ పోతే జడ నడుము దాటుతుంది. చివర కుచ్చులు. రాత్రి జడ విప్పితే సవరం దానంతటదే చేతికొస్తుంది. మేకుకు తగిలించి పడుకోవడమే. గాంధీ రోడ్డు వైపు గాజుల అంగళ్ళలో ఇప్పటికీ వేలాడుతుంటాయి. ఇప్పుడు ఎక్కువగా సింథటిక్ పీచువే, మా వైపు దాన్నంతా నైలాన్ అనేస్తారు. "సవరం" అనగానే వినేవాళ్ళకు మూడు సంగతులు తెలిసిపోతాయి: అది సొంత జుట్టు కాదు, జడలో కలిపి అల్లేది, జడతో పాటే విడిపోయేది. ఒక్క మాటకు ఇంతకన్నా ఏం కావాలి?

ఎక్స్‌టెన్షన్ల అంగడికి వెళ్తే వినపడే మాటలు వేరు. రెమీ, వర్జిన్ (రంగూ రసాయనాలూ తగలనిదట), బ్రెజిలియన్, పెరూవియన్. వీటిలో రెమీకి నిజంగా అర్థం ఉంది. వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటి పొర ఉంటుంది, పొలుసులన్నీ కుదురు నుంచి కొన వైపు వాలి ఉంటాయి. ఒకే తల నుంచి ఒకే కట్టగా కోసిన జుట్టులో అన్నీ ఒకే దిక్కున ఉంటాయి కాబట్టి చిక్కుపడదు. అదే రెమీ. దువ్వెనకు వచ్చి ఉండలు చుట్టిన చిక్కు వెంట్రుకల్లో కుదురేదో కొనేదో తెలియదు. మా చిన్నప్పుడు ఆ ఉండల్ని గోడ సందుల్లో దాచి, వీధిలోకి వచ్చేవాళ్ళకు ఇచ్చి పిన్నులో స్టీలు గిన్నెలో తీసుకునేవాళ్ళం. ఆ జుట్టును విడదీసి, యాసిడ్‌లో ముంచి పొలుసులు పోగొట్టి, పైన సిలికాన్ పూస్తే అంగట్లో పట్టులా మెరుస్తుంది. కొన్నిసార్లు తలంటుకునేసరికి పూత పోతుంది, మెడ దగ్గర గూడు కడుతుంది. దాని మీద కూడా రెమీ అనే రాస్తారు. అడిగేవాళ్ళెవరు? ఇక బ్రెజిలియన్, పెరూవియన్ అనేవి చాలావరకు జుట్టు వంపును, వాలును బట్టి పెట్టిన అమ్మకం పేర్లు. ఆ దేశాలకూ ఆ కట్టకూ చుట్టరికం ఉండాలని లేదు. మా కొండ మీద తీసిన తలనీలాలే సముద్రం దాటి ఏ పేరుతో తిరుగుతున్నాయో ఎవరికి తెలుసు.

తలనీలాల మాట వచ్చింది కాబట్టి, పేర్ల విషయంలో టీటీడీ వేలాన్ని మెచ్చుకోవాలి. అక్కడ ఏ వయ్యారమూ లేదు. కొన్నేళ్ళ కిందటి ఒక వేలంలో 31 అంగుళాలు, ఆపైన ఉంటే మొదటి రకం. 16 నుంచి 30 దాకా రెండోది, 10 నుంచి 15 మూడోది, 5 నుంచి 9 నాలుగోది, 5 లోపు అయిదోది, తెల్ల జుట్టు ఆరోది. ఆ వేలంలో మొదటి రకానికి కిలో ధర 22 వేలు దాటితే, అయిదో రకానికి 24 రూపాయలు. తెల్ల జుట్టుకు 5 వేల పైన! ఏ రంగైనా పట్టించుకోవచ్చని కాబోలు. నెత్తి నెరిసిందని దిగులుపడే మా అక్కకు ఈ లెక్క చెప్తే, "అయితే కొండకు పోయి నాది కూడా తూకం వేయించల్ల" అంది. కొలతా రంగూ చెప్పే పేరు కొనేవాడిని మోసం చెయ్యదు. ఆ కట్ట వేలం దాటి అంగట్లోకి వచ్చేసరికి వర్జిన్ అనీ రాయల్ అనీ రకరకాల పేర్లు తగిలించుకుంటుంది.

నా వైపు సాక్ష్యం నేను అనుకోని చోటు నుంచి వచ్చింది. మా అన్న కూతురు బెంగళూరులో చదువుతుంది. ఉగాదికి ఇంటికొచ్చినప్పుడు నెత్తి నిండా నీలం, నలుపు కలిసిన తాళ్ళతో దిగింది. సింథటిక్ డ్రెడ్‌లాక్స్, అంటే జడలు కట్టిన జుట్టులా కనబడేలా పీచుతో చేసిన తాళ్ళు. యూరప్‌లో గోత్ పాటల క్లబ్బుల చుట్టూ తిరిగే కుర్రకారు వీటిని బాగా వాడుకలోకి తెచ్చారు. పగలు ఆఫీసు, రాత్రి వేరే అవతారం అన్నమాట. మా అమ్మ దాన్ని చూసి తల పట్టుకుంది.

"ఏందే పాపా ఇది? జడలు కట్టినాయా? మొక్కేమన్నా ఉందా?"

"కట్టలేదు అవ్వా, పెట్టుకున్నా. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేస్తా."

"అట్లయితే సవరమే కదా! దానికింత గోలెందుకు?" అని మా అమ్మ పొయ్యి దగ్గరికి పోయింది.

ఆ సాయంత్రం పిల్లను ముందు కూర్చోబెట్టుకుని ఒక్కో తాడూ విప్పి చూశాను. పని నచ్చింది. ఇంకా నచ్చినవి వాటి పేర్లు. డీఈ అంటే డబుల్ ఎండెడ్. పొడుగాటి తాడు ఒకటి, సగానికి మడిచి ఆ మడతను మన జుట్టు పాయ మొదట్లో పెడతారు. తాడు కొనలు రెండూ రెండు పాయలు, మన జుట్టు మూడో పాయ. అలా అల్లుకుంటూ వచ్చి చివర చిన్న రబ్బరు బ్యాండు వేస్తారు. మన రెండు జడల పిల్లకు కూడా తెలిసిన మూడు పాయల అల్లికే. ఎస్ఈ అంటే సింగిల్ ఎండెడ్. దానికి ఒక కొనలో చిన్న ఉచ్చు ఉంటుంది, మన జుట్టు అందులోంచి లాగి కడతారు. డీఈలైతే తల నిండటానికి సుమారు 50, 60 కావాలి, సొంత జుట్టు కనీసం మూడు నాలుగు అంగుళాలు ఉండాలి. ఇంతకన్నా తేలికవి ఫాల్స్. తాళ్ళన్నీ ఒక రబ్బరు పట్టీకి గుత్తిగా కుట్టి ఉంటాయి. జుట్టు ముడి వేసుకుని దాని చుట్టూ చుట్టుకుంటే సరి, రాత్రి ఇంటికొచ్చి తీసేయొచ్చు.

ఈ పేర్లలో "సిల్కీ", "రాయల్" లాంటివి ఒక్కటీ లేవు. రెండు కొనలున్నాయా, ఒకటేనా, పట్టీకి కుట్టి ఉందా? పేరు వింటే చేతులకు పని తెలుస్తుంది. ఈ పేర్లు పెట్టిన వాళ్ళు ఎక్కువగా ఇంట్లో కూర్చుని తాళ్ళు చేసుకుని, ఒకరికొకరు అమ్ముకునే వాళ్ళు. పెట్టుకునేదీ విప్పుకునేదీ తామే కాబట్టి పేర్లు కూడా అలాగే కుదిరాయి. మా అవ్వల కాలంలో సవరం కట్టినవాళ్ళూ అంతే. బూట్లేసుకుని క్లబ్బులో గెంతే పిల్లలూ, ముక్కుపుడకల అవ్వలూ ఒక పక్కన, బ్యూటీ పార్లర్ ఇంకో పక్కన నిలబడే రోజొస్తుందని నేను అనుకోలేదు.

ఈ తాళ్ళు దేనితో చేస్తారన్నది కూడా వాళ్ళు దాచరు. ఎక్కువగా కనెకలాన్. జపాన్‌కు చెందిన కనెకా కంపెనీ 1957లో మొదలుపెట్టిన పీచు, మోడాక్రిలిక్ అనే సింథటిక్ జాతిది. దాన్ని వెనక్కి దువ్వి చిక్కు చేసి, మెలిపెట్టి, ఆవిరి పట్టిస్తే ఆ మెలిక అలాగే నిలిచిపోతుంది. మంట అంత సులభంగా అంటుకోదు కానీ కరుగుతుంది. అందుకే అంగట్లో సవరం కొనేవాళ్ళకు నేనెప్పుడూ చెప్పేది, ఒక్క పీచు పీకి అగ్గిపుల్ల చూపించమని. మనిషి వెంట్రుక అయితే కమురు వాసన వచ్చి బూడిదై రాలుతుంది, సింథటిక్ అయితే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. ఒరిజినల్ హ్యూమన్ హెయిర్ అని రాసిన కవర్ల సంగతి ఆ ఒక్క పుల్లతో తేలిపోతుంది. ఇంకో రకం ఊలు డ్రెడ్స్. గొర్రె ఊలును సబ్బు నీళ్ళలో పిసికి గట్టిపడేలా చేస్తారు. బెంగళూరు చలికి బాగుంటాయేమో. ఒకసారి తడిస్తే బరువు, ఆరడానికి ఒక పూట, ఇక తిరుపతి మే నెల ఎండలో వాటిని పెట్టుకోవాలనుకునేవాళ్ళకు నా నమస్కారం.

డ్రెడ్ అనే మాట మీద ఒక గొడవ ఉంది, దాన్ని దాటేసి పోలేను. జమైకాలో రాస్తఫారి మతస్థులు 1930ల్లో, ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ పట్టాభిషేకం తర్వాత, ఒక సమాజంగా ఎదిగారు. వాళ్ళలో జుట్టు కత్తిరించకుండా జడలు కట్టనివ్వడం ఒక దీక్ష అయింది. తల మీద మంగలికత్తి పడకూడదనే బైబిల్ వ్రతాన్ని వాళ్ళు ఆధారంగా చూపిస్తారు. (మన కొండ మీద కత్తి పడటమే మొక్కు.) అమెరికాలో నల్లజాతి వాళ్ళు ఇలా జడలు కట్టిన తమ జుట్టు వల్ల ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, బడుల్లో మాటలు పడ్డారు. ఆ వివక్షను ఆపడానికి కాలిఫోర్నియా 2019లో క్రౌన్ చట్టం తేవాల్సి వచ్చింది. వాళ్ళలో చాలామంది డ్రెడ్ అన్న ముక్క వదిలేసి లాక్స్ అనే పిలుస్తారు, భయం అనే అర్థం తమ జుట్టుకెందుకని. వాళ్ళ జుట్టు, వాళ్ళ పేరు. మా పిల్ల దగ్గర ఉన్నవి ప్లాస్టిక్ తాళ్ళు, ఆదివారం పెట్టుకుని మళ్ళీ ఆదివారం తీసేసేవి. రెండింటికీ ఒకటే పేరు పెడితే, విప్పలేని దాని బరువు తెలియకుండా పోతుంది.

ఆ తేడా మనకు కొత్తగా నేర్పాల్సిన పని లేదు. కపిలతీర్థంలో శివుడు జటాధారి. ఏర్పేడు దగ్గర గుడిమల్లంలో లింగం మీద నిలబడ్డ శివుడికి కూడా తల చుట్టూ పాగాలా కట్టినవి జటలే అంటారు. మన భాషలో పెళ్ళికూతురిది జడే, సాధువుదీ జడే. అయినా ఎవరికీ టెన్షన్ లేదు, ఎందుకంటే తేడా అంతా క్రియలోనే పెట్టుకున్నాం. జడ "వేసుకుంది" అంటే సాయంత్రానికి విప్పుతుంది. జుట్టు జడలు "కట్టింది" అంటే ఇక విప్పడం లేదు, కత్తెరే దిక్కు. సవరం "పెట్టుకుంది" అంటే తీసేస్తుంది. మా అమ్మ ఆ పిల్లను అడిగిన మొదటి ప్రశ్నలోనే ఈ వివరం ఉంది. జడలు కట్టడాన్ని కొన్ని ఊళ్ళలో అమ్మవారు పూనినట్టు భావించి, ఆ ఆడమనిషి జుట్టు తీయడానికి భయపడతారు. డాక్టర్లు దానికి ప్లైకా అని పేరు పెట్టారు. మెడ నొప్పి, పేలు, వాసనతో ఏళ్ళ తరబడి మోసేవాళ్ళు ఉన్నారు. అటువంటి ఇంట్లో "డ్రెడ్స్ పెట్టించుకున్నా" అని సరదాగా చెప్పే ముందు "ఇవి విప్పేవి" అన్న మాట కలపడం మంచిది.

మగవాళ్ళ విషయానికొస్తే తిరుపతి ముందు నుంచీ ధారాళమే. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరిగినన్నాళ్ళూ మొక్కున్న మగవాళ్ళు చీర కట్టి, రైక తొడిగి, పూలజడతో వీధుల్లో తిరుగుతారు. క్రాపు తలకు సవరం నిలవదు, అల్లడానికి సొంత పాయ ఉండాలి కదా, కాబట్టి విగ్గు పెట్టి దాని మీద జడ కడతారు. చిత్తూరు పల్లెల్లో ద్రౌపది గుళ్ళ దగ్గర భారతం ఆడేటప్పుడు, దుర్యోధనుడు పడే దాకా విరబోసుకున్న ద్రౌపది జుట్టు చివర్లో ముడిపడుతుంది. అక్కడ విప్పడం, ముడెయ్యడమే కథ. అవి చూసి పెరిగిన జనానికి పెట్టుడు జుట్టు వింత ఏమీ కాదు. జుట్టు ఇచ్చి పుచ్చుకోవడం మనకు పురాణం నుంచే ఉంది. స్వామి తల మీద దెబ్బ తగిలి జుట్టు పోయిన చోట నీలాదేవి తన కురులు కోసి అతికించిందని కదా తలనీలాల కథ. ఆవిడ ఏ పద్ధతిలో అతికించిందో మాత్రం కథలో లేదు.

నా వాదన నిలవని చోటు ఒకటుంది. 2004లో జెరూసలేంలో రబ్బీ, అంటే యూదు మతగురువు, యోసెఫ్ షాలోమ్ ఎల్యాషివ్, హిందూ దేవుడికి ఇచ్చిన జుట్టుతో చేసిన విగ్గులు పెట్టుకోకూడదని తీర్పు చెప్పారు. పెళ్ళయిన సంప్రదాయ యూదు స్త్రీలు సొంత జుట్టు కప్పుకోవాలి, చాలామంది అందుకు విగ్గు వాడతారు. బ్రూక్లిన్ వీధుల్లో వేల డాలర్ల విగ్గులు మంటల్లో వేశారు, బదులుగా సింథటిక్ విగ్గులకు గిరాకీ పెరిగింది. అంతకు ముందే లండన్ నుంచి ఒక రబ్బీ తిరుపతికి వచ్చి, ఇక్కడ జరిగేది చూసి వెళ్ళారు. తేలాల్సిన ప్రశ్న, జుట్టే దేవుడికి కానుకా, లేకపోతే జుట్టు తీయించుకోవడం మాత్రమేనా అని. మనవాళ్ళను అడిగితే "గుండు కొట్టించుకున్నా" అనేవాళ్ళూ "తలనీలాలు సమర్పించా" అనేవాళ్ళూ ఒకే క్యూలో ఉంటారు. ఆ యూదు ఇల్లాళ్ళకు విగ్గు ఎలా తీయాలన్నది సమస్యే కాదు, అది ఎవరి తల నుంచి, ఎందుకు దిగిందన్నదే సమస్య. లేబుల్ మీద ఆ ముక్క లేదు. కాబట్టి పుట్టిన చోటు కూడా పేరులో ఉండాలనేవాళ్ళతో నాకు పేచీ లేదు. రోజూ నా కుర్చీలో కూర్చునే పిల్లలకు మాత్రం ముందు అవసరమైంది విప్పే దారే.

ఎందుకంత పట్టు అంటే, నుదుటి పక్కన పలచబడిన తలలు నాకు ఎక్కువగా కనబడుతున్నాయి. రోజుల తరబడి బిగుతుగా లాగి కడితే కుదుళ్ళు దెబ్బతింటాయి. దీనికి ట్రాక్షన్ అలోపేసియా అని పేరు. 1907లో గ్రీన్‌లాండ్ ఆడవాళ్ళలో, జుట్టు బిగించి ముడి కట్టుకోవడం వల్ల వచ్చిందని మొదటిసారి రాశారు. టేపైనా డీఈ అయినా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో తీసి, తలకు ఊపిరి ఇవ్వాలి. తీయడం తనకు చేతకాదు, పార్లర్‌కు మళ్ళీ డబ్బు కట్టాలి అనుకున్న అమ్మాయి ఇంకో నెల, ఇంకో నెల అని లాగిస్తుంది. నష్టం అక్కడ జరుగుతుంది. పూలజడ బరువు కూడా తక్కువేం కాదు, కానీ అది ఒక్క పూట.

నాకు ఎదురు చెప్పేవాళ్ళ మాట కూడా న్యాయమే. "జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే" అని సామెత చెప్పుకునే ఊళ్ళో, సవరం అంటే జుట్టు లేదని చాటుకున్నట్టే. కాన్పు తర్వాతో, కీమో తర్వాతో జుట్టు పోయిన మనిషి "ఎక్స్‌టెన్షన్" అంటే ఉన్నదానికి కొంచెం కలిపానని అనిపించుకుంటుంది. ఆ గౌరవం ఆవిడకు కావాలి. నలుగురిలో ఆవిడ ఏ మాటైనా వాడుకోనీ. బిల్లు మీద, కవరు మీద, నా చెవిలో మాత్రం అసలు పేరు చెప్పాలి.

మా మేనకోడలికీ నాకూ ఇప్పుడు నడుస్తున్న తగువు వేరే. డీఈని జంటపాయ అని, ఎస్ఈని ఒంటిపాయ అని, ఫాల్స్‌ను ఏకంగా సవరం అని పిలుద్దామన్నాను. టేపు, కెరటిన్ రకాలకు "అంటు జుట్టు" అన్నాను. మామిడి తోటల జిల్లాలో అంటు అంటే ఏమిటో, ఊరికే ఊడి రాదని, ఎవరికీ వివరించక్కర్లేదు. సవరం దాకా ఒప్పుకుంది. జంటపాయ దగ్గర ఆగిపోయింది. "ఆన్‌లైన్‌లో పాయ అని కొడితే మేక కాళ్ళ సూపు వస్తుంది అత్తా, ఎవరు కొంటారు నా తాళ్ళు?" అంటుంది. అమ్మకానికి డీఈ అనే పెట్టుకోమన్నాను, వివరంలో మాత్రం ఎలా కట్టాలో, ఎలా విప్పాలో తెలుగులో రెండు ముక్కలు రాయమన్నాను. రాసి పంపింది. "చివరి రబ్బరు బ్యాండు కోసెయ్యండి, అల్లిక కింది నుంచి విప్పుకుంటూ రండి, తాడు లాగకండి" అని ఉంది. "లాగకండి" పక్కన "మీ జుట్టు ఊడొస్తుంది" అని నేను చేర్చాను, అలా రాస్తే కొనేవాళ్ళు భయపడతారని తను కొట్టేసింది. నేను మళ్ళీ రాశాను.